తువ్వాలు కింద మాట

మల్లీశ్వరిని పోయిన వారం రాయదుర్గం బస్టాండులో వదిలిపెట్టాం. ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళు ఉంటారు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

మల్లీశ్వరికి ఇరవై తొమ్మిదేళ్ళు. జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో నడుంపట్టీలు కుడుతుంది. మూడు సంబంధాలు వచ్చాయి. మూడూ తాంబూలాల దాకా వచ్చి, ఏ కారణం చెప్పకుండానే తప్పిపోయాయి. నాలుగోది ఎవరో తెచ్చిన సంబంధం కాదు, తను కోరుకున్న మనిషి. అదే యూనిట్లో మిషన్లు బాగుచేసే ఓబిలేష్, విడపనకల్లు దగ్గరివాడు. కులం ఒకటే, రెండిళ్ళూ సరేనన్నాయి. అదీ తప్పింది. కాకపోతే ఓబిలేష్ ముందువాళ్ళలా ముఖం చాటెయ్యలేదు. ఎదురుగా కూర్చుని కారణం చెప్పాడు. మల్లీశ్వరి మెడ వెనక పాడెసుడి ఉందట. ఆ పిల్లను కట్టుకున్నవాడు ఏడాది తిరక్కుండా పోతాడట. ఆ మాట ఎవరో ఓబిలేష్ నాయన నరసింహప్ప చెవిన వేశారు.

ఆ ఎవరో మేనత్త సుంకమ్మేనని మల్లీశ్వరి తీర్మానించుకుని, నడివీధిలో నిలబెట్టి నానా మాటలూ అంది. ఆ గొడవ విన్న గంగప్ప, అంటే మల్లీశ్వరి నాయనతో పాటు సంతల్లో ఎద్దుల బేరాలు చేసిన ముసలాయన, బస్టాండులో ఆమెను ఆపి చెప్పిన మాటతో పోయిన భాగం ముగిసింది.

"సుంకమ్మ పాపం మూటగట్టుకోవద్దు పాపా. నర్సింహప్ప చేతిలో సున్నా చుట్టింది మీ నాయనే."

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మల్లీశ్వరి ఊళ్ళో బస్సు దిగింది. వాన పడి నలభై రోజులైంది. గుట్ట మీద గాలిమరలు మాత్రం తీరిగ్గా తిరుగుతున్నాయి. గాలికి కొదవలేదు మా సీమలో. బస్సులో ఉండగానే ఓబిలేష్ ఫోన్ చేశాడు.

"మా నాయన రాయదుర్గం వచ్చినాడు మల్లీ. నాలుగున్నర బస్సు దాకా బస్టాండులోనే ఉంటాడు. మీ నాయన వచ్చి నోటితో ఒక్క మాట చెప్తే చాలంట, ఏం భయం లేదని. వేరే ఎవురు చెప్పినా వినడంట. రాకపోతే రేపు పొద్దున బళ్ళారి సంబంధానికి మాటిచ్చేస్తా అంటాండాడు."

"నువ్వేమంటావు?"

"నేను నిన్నే చేసుకుంటా అనే చెప్పినా. మా అమ్మ పురుగుల మందు తాగుతా అంటాది. ఏం చెయ్యల్ల చెప్పు."

ఏం చెయ్యాలో మల్లీశ్వరికి తెలిస్తే కదా చెప్పడానికి.

ఇక్కడ మల్లీశ్వరి నాయన సంగతి చెప్పాలి. ఆయన మాటకు అంత విలువ ఎందుకో తెలియకపోతే ఈ కథంతా తలతిక్కగా కనిపిస్తుంది. తిప్పేస్వామి అంటే ఏ తిప్పేస్వామి అని అడిగేవాళ్ళు ఉంటారేమో గానీ, సుళ్ళ తిప్పేస్వామి అంటే ఎవరూ అడగరు. ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోటే సుడి. ఎద్దుకు అది నుదుట ఉందా, మూపురం మీద ఉందా, వెన్ను మీద ఉందా అని చూసి కొనేవాళ్ళు. నుదుట ఉంటే ఇంటికి మేలు. వెన్నుపూసకు అటొకటి ఇటొకటి, పాడె కొయ్యల్లా జంటగా ఉంటే పాడెసుడి, తోలుకుపోయినవాడికి చావు. తిప్పేస్వామి చెయ్యి వేసి తడిమి చెప్పాడంటే ఇంక తిరుగులేదు. నిజానికి ఆయన గిట్టలూ పళ్ళూ కూడా అంతే శ్రద్ధగా చూసేవాడు. అందుకే ఆయన వద్దన్న ఎద్దు తరచుగా చచ్చేది. పేరు మాత్రం సుడికి వచ్చేది.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, కరువులు వచ్చాయి, సంతలు పలచబడ్డాయి. ఎద్దులు తగ్గాయి గానీ పెళ్ళికూతుళ్ళు తగ్గలేదు. జనం ఆయన్ని పెళ్ళిచూపులకు వెంటబెట్టుకుపోవడం మొదలుపెట్టారు. మడమ నేలకానకుండా నడిచే పిల్ల ఇంట్లో నిలవదనేవాడు. కనుబొమలు కలిసిన మగవాడు పెళ్ళాన్ని అనుమానిస్తాడనేవాడు. చెవి తమ్మె చెంపకు అంటుకుని ఉంటే పెట్టే చెయ్యి కాదనేవాడు. ఆయన తల ఊపితే పెళ్ళి, ఊపకపోతే కాఫీ తాగి లేవడమే.

ఓబిలేష్‌ను చూసిన రోజు కూడా ఆయన తల ఊపాడు. "వెడల్పు నుదురు, నిలువు చెవులు. మాట మీద నిలబడే పిల్లగాడు పాపా," అని మురిసిపోయాడు.

ఇంకొకటి, ఆ సున్నా సంగతి. సంతలో బేరం నోటితో జరగదు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా మాట ఆ తువ్వాలు కిందే ఉంటుంది. పశువుకు లోపం ఉంటే ధర కంటే ముందు అది చెప్పాలి. అరచేతిలో బొటనవేలితో సున్నా చుడితే చెడ్డ సుడి ఉందని అర్థం. అది చెప్పకుండా ధర చెప్పినవాడు దళారి కాదు, దొంగ.

మల్లీశ్వరి ఇంటికి వచ్చేసరికి తిప్పేస్వామి అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. వానలేక అన్నీ తాలే. నాలుగు కాయలు ఒలిస్తే ఒక గింజ దొరుకుతోంది. ఎనిమిది ఎద్దులు కట్టేసిన కొట్టంలో ఇప్పుడు ఆయన మోపెడ్ ఒక్కటే ఉంది.

"ఏం పాపా, ఎండన పడి వచ్చినావు? ఏదన్నా తింటివా?"

ఆ పలకరింపు ఎప్పటిలాగే ఉంది. అదే మల్లీశ్వరికి ఎక్కువ మంట పుట్టించింది. ఆమె సంచి కింద పెట్టి, ఆయన భుజం మీద తువ్వాలు లాగి, ఎదురుగా చతికిలబడింది.

"చెయ్యి ఇయ్యి నాయనా."

"ఎందుకే?"

"ఇయ్యి."

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని తన చేతిలోకి తీసుకుని పైన తువ్వాలు కప్పింది.

"నేను నర్సింహప్పను అనుకో. నీ కూతురును అడుగుతాండా. చెప్పు."

తిప్పేస్వామి చెయ్యి లాక్కోబోయాడు. రోజుకు మూడు వందల నడుంపట్టీలు మిషను కింద తోసే వేళ్ళవి, వదల్లేదు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"చెప్పినోళ్ళు చెప్పినారు. నువ్వు చుట్టు."

బస్సులో వచ్చినంత సేపూ ఆమె ఒకటే మొక్కుకుంది. గంగప్పకు మతి చెడిందని, నాయన అలాంటి పని చెయ్యడని, 'ఎవరా అబద్ధాలకోరు' అని ఆయన అరుస్తాడని. ఆయన అరవలేదు. తల దించుకున్నాడు. తువ్వాలు కింద ఆయన బొటనవేలు మెల్లగా కదిలింది. ఆమె అరచేతిలో ఒక సున్నా చుట్టింది. పక్కనే ఇంకొకటి.

మల్లీశ్వరి చెయ్యి విదిలించుకుంది. తువ్వాలు శెనక్కాయ పొట్టులో పడింది.

"ముందు మూడు సంబంధాలకూ నువ్వేనా?"

"నేనే."

"మూడిటికీ?"

"నేనే అంటి గదా."

మొదటి సంబంధం తప్పిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆయన రెండు రోజులు ముద్ద ముట్టలేదు. గోడకు తిరిగి పడుకున్నాడు. తన కోసం కుమిలిపోతున్నాడనుకుని, తన ఏడుపు తాను దిగమింగి, మల్లీశ్వరే రాగిముద్ద తుంచి ఆయన నోట్లో పెట్టింది. "పోతే పోనీ నాయనా, ఇంకొకటి వస్తాది," అని ఓదార్చింది. పెళ్ళి చెడగొట్టినవాడికి తన చేత్తో తినిపించింది. ఇంత మోసం పరాయివాళ్ళు చేసుంటే తిట్టి ఊరుకునేది. సుంకమ్మత్త అయితే నిజంగా బాగుండేది.

"నేను నీకు ఎద్దునా?" అంది. గొంతు లేస్తోంది. "పళ్ళు చూపించి, తోక ఎత్తి చూపించి, ఇదో లోపం ఉండాది అని చెప్పి తోలేకి నేను నీ కొట్టంలో కట్టేసిన ఎద్దునా నాయనా?"

"అట్లనద్దు."

"ఎట్లనల్ల? ధర్మవరం పోయి పట్టుచీర తెస్తివి. వాళ్ళకు పాయసం వడ్డిస్తివి. వాకిలి దాకా సాగనంపుతా సాగనంపుతా చేతిలో సున్నా చుడితివి. అంతకు నా మొగానే చెప్పి సావొచ్చు గదా, నీకు పెండ్లి లేదు పో అని!"

"చెప్పేకి నోరు రాలేదు పాపా." తిప్పేస్వామి కళ్ళు తుడుచుకోలేదు, అవి కారుతూనే ఉన్నాయి. "ఎవుడో ఒకడు రాకపోతాడా, సుడి లేదు గిడి లేదు నాకు పిల్ల కావల్ల అనేటోడు, అనుకుంటి. దాచిపెట్టి మాత్రం నేను ఇయ్యలేను. ఇంకేమన్నా అడుగు ఇస్తా. అది నాతో కాదు."

"ఎందుకు కాదు?"

"ఓబమ్మ తెలుసు గదా నీకు?"

తెలుసు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె. వీధిలో ఎదురైతే నాయన పక్కకు తప్పుకుంటాడని కూడా తెలుసు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

"నాకు ఇరవై రెండేండ్లప్పుడు," తిప్పేస్వామి నేల చూస్తూ అన్నాడు. "తెల్ల కోడె ఒకటి ఉండె. దానికి పాడెసుడి. ఎవురూ కొనరు. పేడ మెత్తి, బురద పూసి, కనపడకుండా చేసి ఓబమ్మ మొగునికి కట్టబెట్టినా. తువ్వాలు కింద సున్నా చుట్టలేదు. పదిహేడో రోజున బండి గుంతలో బోల్తాపడి ఆయప్ప పోయినాడు. ఓబమ్మ సంతకు వచ్చింది. అందరి ముందరా నా చెయ్యి పట్టుకుని చూసింది. 'ఈ వేలు ఒక్కసారి తిప్పింటే నా మొగుడు బతికేటోడు గదరా' అన్నింది. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ఆ పొద్దు నుంచి ఏ లోపమూ దాచలేదు నేను."

"గుంతలో పడితే బండి బోల్తాపడదా? సుడి ఉంటేనే పడతాదా?"

"ఆ దోవలో ఇరవై బండ్లు పోయినాయి. అదొక్కటే పడె."

"నాయనా, నేను నీ కూతురును."

"నువ్వు నా కూతురువే. ఓబిలేష్ ఒకరి కొడుకు." ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "బంగారట్ల పిల్లగాడు పాపా. పనికిమాలినోడైతే ఇంత బాధ లేదు. ఏడాది తిరిగేలోపు వాన్ని పాడె మీద పెట్టి, వాళ్ళమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంటే నేనేం చెప్పల్ల?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తారు? దుర్మార్గుడైతే తిట్టొచ్చు. ఆయన తన నిజాయితీతోనే కూతురి గొంతు కోశాడు, పైగా ఆ కోతకు తనే ఏడుస్తున్నాడు. మల్లీశ్వరికి జాలి కలగలేదు. కలగాలని కూడా అనిపించలేదు. ఫోన్ చూసుకుంది. ఒంటిగంటా పది.

"నర్సింహప్ప బస్టాండులో కూచోనుండాడు," అంది. "నాలుగున్నర దాకా ఉంటాడు. నువ్వొచ్చి భయం లేదు అంటే చాలంట. నాకు వేరే మొగుడు వద్దు నాయనా. ఆ మనిషే కావల్ల. నీ కాళ్ళకు మొక్కుతా, ఒక్క అబద్ధం చెప్పు."

"చెప్పను."

"నేను చచ్చిపోతా అంటే?"

"నువ్వు పోతే నేనూ పోతా. అబద్ధం మాత్రం చెప్పను." తిప్పేస్వామి పొట్టులోంచి తువ్వాలు తీసి దులిపాడు. "నాకు మాత్రం ఆశ లేదా? యాడికి పోయినా అడుగుతాండా. నువ్వు పుట్టినప్పటి నుంచి అడుగుతాండా. పాడెసుడి ఉండి, మొగుడు బతికుండే ఆడమనిషిని ఒక్కామెను చూపించు. ఒక్కామె చాలు. ఇప్పుడే అంగీ తొడుక్కుని నీ వెంట వస్తా. నేనింత కాలం చెప్పిందంతా తప్పు అని నర్సింహప్ప ముందర చెంపలేసుకుంటా. చూపించు."

ఆయన లేచి కాళ్ళు కడుక్కోడానికి కొట్టం వెనక తొట్టి దగ్గరకు పోయాడు.

మల్లీశ్వరి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ వాళ్ళమ్మ అంజనమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలగడం లేదు. ముందర గిన్నెలో సగం తరిగిన వంకాయలు నల్లబడుతున్నాయి. అరుగు మీద మాటలన్నీ ఆమె విన్నదని చూడగానే తెలుస్తోంది.

"నీకు తెలుసా అమ్మా?"

అంజనమ్మ తలెత్తలేదు. "తెలుసు."

"నాకు సుడి ఉండేది తెలుసా, నాయన అందరికీ చెప్పి పంపేది తెలుసా?"

"రెండూ."

మల్లీశ్వరి చెంబు కింద పెట్టేసింది. ఈ ఇంట్లో తెలియనిది తనకొక్కదానికే అన్నమాట. పదేళ్ళు వచ్చేదాకా రోజూ ఈమె చేతే జడలు వేయించుకుంది. పెద్దయ్యాక కూడా మెడ మీద కొంచెం కిందికి జడ వేసుకో, ముడి పైకి కట్టొద్దు అని ఈమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఫ్యాషన్ తెలియని మనిషి అనుకుని నవ్వేది.

"ఆయప్ప ఒక్కామెను చూపించమంటాండాడు," అంది కసిగా. "విన్నావు గదా? యాడ వెతకల్ల నేను? నాలుగున్నరలోపు రాయదుర్గంలో ఇంటింటికీ పోయి ఆడోళ్ళ మెడలు చూడల్లనా?"

అంజనమ్మ లేచింది. వెనక తలుపు వేసింది. ముందు తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు కూతురి వైపు వీపు పెట్టి నిలబడి, నెత్తి మీద కొంగు తీసి, ముడి విప్పింది. నెరిసిన జుట్టు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

మల్లీశ్వరికి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత కనిపించింది. వెన్నుపూసకు అటొకటి, ఇటొకటి. మూడు రోజుల కింద తోటి పనిదాని చేత తన మెడ ఫోటో తీయించుకుని ఫోనులో చూసినవే, అచ్చంగా అవే. నెరిసినాయి, అంతే తేడా.

"అమ్మా..."

"మా అవ్వ చెప్పి పంపింది," అంజనమ్మ అటు తిరిగే మాట్లాడింది. గొంతు గుసగుసలా ఉంది. "మొగుని ముందర తల దువ్వొద్దు. ఆయప్ప లేచేలోపు ముడేసుకో. ఆయప్ప సంతకు పోయిన పొద్దే తలకు పోసుకో. ముప్పై రెండేండ్లు అట్లనే చేసినా. నాకు జరమొచ్చి పడిపోయిన నాడు కూడా కొంగు తియ్యలేదు."

"ముప్పై రెండేండ్లు!"

"నువ్వు పుట్టినాక పుట్టెంట్రుకలు తీసిన పొద్దు ఆయప్ప నీ మెడ చూసి కూలబడినాడు. మా వంశంలో యాడా లేదే, ఎవురి పోలిక ఇది అన్నాడు. నేను నోరు తెరవలేదు."

బయట తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. తిప్పేస్వామికి యాభై తొమ్మిదేళ్ళు. పూటకు రెండు ముద్దలు తింటాడు. ఒక్క పన్ను ఊడలేదు. మోపెడ్ మీద విడపనకల్లు దాకా పోయి, ఏమీ కానట్టు తిరిగొస్తాడు. ముప్పై రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే తిరుగుతున్నాడు.

మల్లీశ్వరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

"ఒక్కసారి వీపు తిప్పింటే చాలు గదా అమ్మా," అంది. "మొదటి సంబంధం పోయినప్పుడు తిప్పింటే చాలు. రెండోది పోయినప్పుడు తిప్పింటే చాలు. పక్కన కూచుని నా తల నిమిరితివి. రాత బాగలేదు అంటివి. రాత ఎందుకు బాగలేదో నీకు తెలుసు."

"తిప్పింటే నన్ను ఉంచుకునేటోడా?" అంజనమ్మ ఇప్పుడు ఇటు తిరిగింది. "సుడి కనపడిన గొడ్డును పొద్దు మునిగేలోపు కొట్టంలో ఉండనీయడు మీ నాయన. అప్పటికప్పుడు తోలేస్తాడు. నేను చూసినా ఎన్నోసార్లు. నన్ను తోలేస్తే యాడికి పోవల్ల? మా అమ్మ లేదు, నాయన లేడు. నిన్ను చంకనేసుకుని యాడికి పోదును?"

"అప్పుడు సరే. ఇప్పుడు?"

"ఇప్పుడు మాత్రం? ఓబమ్మకు చేసిన మోసానికే ఆయప్ప ఈ పొద్దుకీ నిద్రపోడు. ఆయప్పనే ఇన్నేండ్లు మోసం చేసినా అని తెలిస్తే ఇంక నా మొగం చూస్తాడా? యాభై మూడేండ్లు నాకు. ఈ వయసులో ఎవురింటికి పోయి నిలబడల్ల చెప్పు."

అది నిజమేనని మల్లీశ్వరికి తెలుసు. తెలిసినా మనసు కరగలేదు. నాయన చేసింది ఘోరం, కానీ ఆయన ఆ సుడిని నమ్మాడు. నమ్మి, భయపడి చేశాడు. ఈమె నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కదా. రోజూ పొద్దున లేచి, బతికున్న మొగుడికి కాఫీ ఇచ్చి, ఆ సుడి ఉత్తదేనని రోజూ తన కళ్ళతో చూసుకుంటూ, కూతురి పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే చెడిపోతుంటే చూస్తూ ఊరుకుంది. తండ్రి వెన్నుపోటు కంటే ఈ తలనిమరడమే మల్లీశ్వరికి ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంక జన్మలో ఈమె ఒడిలో తల పెట్టలేననిపించింది.

"నా సుడి దేవుడు నీకిచ్చినాడు," అంజనమ్మ ఏడుస్తూ అంది. "నేను దాచుకోగలిగినా, నిన్ను దాచలేకపోయినా. చెప్పొద్దు మల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. మల్లీశ్వరి గబుక్కున వెనక్కి జరిగింది. అంతలో ఫోన్ మోగింది. ఓబిలేష్.

"బయల్దేరినారా? మా నాయన రెండుసార్లు టైము చూసుకున్నాడు. వస్తారా రారా, ఏదో ఒకటి చెప్పు మల్లీ."

"చెప్తా. పెట్టెయ్యి," అంది.

తలుపు మీద చప్పుడైంది. "పాపా," తిప్పేస్వామి బయటి నుంచి పిలిచాడు. "అంగీ తొడుక్కున్నా. నేనే పోయి నర్సింహప్పతో చెప్పి వస్తా. ఆయప్పను ఊరికే కాచుకోనీడం మర్యాద కాదు. వద్దులే, బళ్ళారి సంబంధమే చేసుకోండి అని చెప్తా. నువ్వు రావద్దు, చూడలేవు."

మోపెడ్ మీద పోతే గంటన్నర. మూడు గంటలకల్లా అక్కడుంటాడు. చెప్పి వచ్చాడంటే ఆ మాటకు తిరుగు లేదు. ఓబిలేష్ బళ్ళారి అల్లుడైపోతాడు. సోమవారం పొద్దున అదే యూనిట్లో, అదే మిషను బాగుచెయ్యడానికి ఆమె పక్కకు వచ్చి వంగుతాడు.

అంజనమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. పిల్లల్ని జాతరలో పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది. మల్లీశ్వరి ఆ చేతి వైపు చూసింది. తర్వాత దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, తలుపు తెరిచింది.

"నాయనా, ఒక్కామె ఉండాది."

తిప్పేస్వామి మోపెడ్ తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమంటివి?"

"పాడెసుడి ఉండాది ఆమెకు. రెండూ ఉండాయి, అటొకటి ఇటొకటి. నా కండ్లతో చూసినా."

"మొగుడు?"

"బతికే ఉండాడు."

ఆయన ముఖంలో కోపం వస్తుందనుకుంది. అనుమానం వస్తుందనుకుంది. వచ్చింది ఆశ. ముసలి ముఖంలో అంత ఆశ ఆమె ఎప్పుడూ చూడలేదు. దగ్గరకొచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"నిజంగానా? ఏడాది దాటిందా పెండ్లయి?"

"ముప్పై రెండేండ్లు."

"ముప్పై రెండా! దేవుడా! యా ఊరు పాపా? ఎవురామె? నాకు చూపించు, ఇప్పుడే పోదాం. ఆ మొగుడు ఎట్లుండాడు? జబ్బూ గిబ్బూ ఏమన్నా ఉండాదా వానికి? నువ్వు చూసినావా వాన్ని?"

"చూస్తానే ఉండా నాయనా."

తిప్పేస్వామికి వెంటనే అర్థం కాలేదు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మెల్లగా ఆగింది. కూతురి భుజాల మీది నుంచి చేతులు తీశాడు. ఆమెను పక్కకు జరిపి వంటింట్లోకి చూశాడు.

అంజనమ్మ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ముడి వేసుకోడానికి లేచిన చేతులు సగంలోనే ఆగిపోయాయి. జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ జుట్టు విప్పి ఉండగా ఆయన చూడటం అదే మొదటిసారి.

"ఏమే," అన్నాడు తిప్పేస్వామి. "ఇట్ల వెలుతురులోకి రా."